కేంద్ర ప్రభుత్వం మీద డబ్బు కేసు రాయగడలోనే వేయొచ్చా, ఢిల్లీ వెళ్లాలా?

రాయగడ_అబ్బాయి:
అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని రాయగడ, మజ్జిగౌరమ్మ గుడి వైపు. నాన్నగారు చిన్న సివిల్ కాంట్రాక్టరు. ఒక కేంద్ర ప్రభుత్వ ఆఫీసుకి ప్రహరీ గోడ కట్టారు, రెండు క్వార్టర్లు రిపేరు చేశారు, 2023 జూన్‌కి పని అయిపోయింది, ఎం.బి.లో, అంటే చేసిన పని కొలతలు రాసే మెజర్‌మెంట్ బుక్‌లో, కొలతలు ఎక్కించారు, అయినా ఫైనల్ బిల్లు 6,20,000 ఇప్పటికీ రాలేదు. వెళ్లినప్పుడల్లా ఫండ్స్ రాలేదంటారు, లేకపోతే ఆఫీసరు మారారంటారు. సిమెంటు షాపు బాకీ మాత్రం అమ్మ గాజులు తాకట్టు పెట్టి తీర్చేశాం. కేసు వేద్దామంటే అగ్రిమెంటు మొదటి పేజీలోనే భారత రాష్ట్రపతి తరఫున అని ఉంది. అది చూసి మా వీధిలో ఒకాయన రాష్ట్రపతి మీద కేసంటే సుప్రీంకోర్టే అనేశారు, నాన్నగారు కాగితాలన్నీ మళ్లీ ట్రంకు పెట్టెలో పెట్టేశారు. నిజంగా ఢిల్లీ వెళ్లాలా? పార్వతీపురంలో తెలిసిన లాయరుగారున్నారు, అక్కడ వేస్తే కుదురుతుందా?

బరంపురం_వకీలు:
తమ్ముడూ, ముందు ఆ ట్రంకు పెట్టె తెరిపించు. కేంద్రం చేసుకునే ప్రతి కాంట్రాక్టూ రాష్ట్రపతి పేరుతోనే ఉంటుంది, రాజ్యాంగం 299వ అధికరణం అలాగే రాయమంది, అంతమాత్రాన రాష్ట్రపతి మీద కేసు కాదు. దావాలో ప్రతివాది పేరు యూనియన్ ఆఫ్ ఇండియా అని రాస్తారు. సుప్రీంకోర్టుకి నేరుగా వెళ్లేది 131వ అధికరణం కింద కేంద్రానికీ రాష్ట్రాలకీ మధ్య తగాదా వచ్చినప్పుడు, మన బిల్లులకి కాదు. మన దేశంలో కేంద్రానికి వేరే కోర్టులు, రాష్ట్రానికి వేరే కోర్టులు అని లేవు, పక్కింటాయన మీద దావా వేసే జిల్లా కోర్టులోనే కేంద్రం మీదా వేస్తాం. పని జరిగింది రాయగడలో కాబట్టి రాయగడ జిల్లా పరిధిలోనే వేసుకో, పార్వతీపురం కోర్టుకి ఈ కేసు వెళ్లదు, ఆ లాయరుగారు కావాలంటే ఇక్కడికొచ్చి వాదించొచ్చు.

కానీ మొదట అగ్రిమెంటులో ఆర్బిట్రేషన్ క్లాజు, అంటే తగాదా కోర్టు బయట మధ్యవర్తి తీర్పుతో తేల్చుకోవాలన్న షరతు, ఉందేమో చూడు, ఉంటే కోర్టు నిన్ను అటే పంపిస్తుంది. లేకపోతే సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ నోటీసు ఇవ్వాలి, ఆ శాఖ సెక్రటరీకి, రైల్వే అయితే జనరల్ మేనేజర్‌కి, ఇచ్చాక 2 నెలలు ఆగాలి. ఈ నోటీసు లేకుండా వేసిన దావాలు తిరిగొచ్చేయడం నేను చాలా చూశాను, పాపం ఏళ్లు పోతాయి. ఇంకోటి, కట్టడం పని కాంట్రాక్టు, పైగా 3 లక్షలు దాటింది కాబట్టి ఇది కమర్షియల్ కోర్టుల చట్టం కిందకొస్తుంది, అర్జెంటు ఆర్డరేదీ అడగకపోతే దావాకి ముందు మీడియేషన్‌కి, అంటే ఇద్దర్నీ కూర్చోబెట్టి రాజీ కుదిర్చే ప్రయత్నానికి, వెళ్లి తీరాలి, దానికి జిల్లా న్యాయసేవా సంస్థలో అడుగు.

గుణుపురం_పోస్టు:
నాదీ కేంద్రం మీద కేసే గానీ ఉద్యోగం గొడవ, దానికి సివిల్ కోర్టు పనికిరాదు, కేంద్ర ఉద్యోగుల కేసులు చూసే ట్రిబ్యునల్, కటక్‌లో ఉన్న క్యాట్‌కి వెళ్లాను. రైల్లోంచి పడిపోయినవాళ్ల పరిహారానికైతే భువనేశ్వర్‌లో రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్, మా పక్కూరి ఆవిడ టికెట్ పోయింది కదా అని అప్లికేషనే పెట్టకుండా కూర్చుంది, 1 సంవత్సరం లోపు పెట్టాలని ఎవరూ చెప్పలేదు. టికెట్ దొరకనంత మాత్రాన కేసు పోదని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నా.

డల్లాస్_బావ:
మాది పర్లాకిమిడి, ఇప్పుడు అమెరికాలో ఉంటున్నా. మీ వీధి పెద్దాయన చెప్పినట్టు రాజధానిలో వేసేది ఇక్కడ. ఫెడరల్ ప్రభుత్వం, అంటే ఇక్కడి కేంద్రం, కాంట్రాక్టు డబ్బు ఎగ్గొడితే ముందు కాంట్రాక్టింగ్ ఆఫీసరు దగ్గర క్లెయిమ్ పెట్టాలి, ఆయన కాదంటే 12 నెలల్లో వాషింగ్టన్‌లోని కోర్ట్ ఆఫ్ ఫెడరల్ క్లెయిమ్స్‌కి, లేదా 90 రోజుల్లో అప్పీల్స్ బోర్డుకి. ఆ కోర్టులో జ్యూరీ ఉండదు, జడ్జిగారే తేలుస్తారు. అదే పోస్టల్ వ్యాను గుద్దిందనుకోండి, అది ఇంకో దారి, ముందు ఆ శాఖకి 2 సంవత్సరాల్లో క్లెయిమ్ ఇచ్చి తర్వాత దగ్గర్లోని ఫెడరల్ డిస్ట్రిక్ట్ కోర్టుకి. రాయగడలో ఇంటి దగ్గరే కోర్టు ఉంది, అదే నయం.

బరంపురం_వకీలు:
తమ్ముడూ, అసలు సంగతి మర్చిపోయాను, గడువు. పని పూర్తయిన రోజు నుంచి 3 సంవత్సరాలే, అంటే 2026 జూన్. నోటీసుకి ఆగిన 2 నెలలు, మీడియేషన్‌లో గడిచిన కాలం ఇందులో లెక్కపెట్టరు, అయినా వాటిని నమ్ముకుని కూర్చోకు. ప్రభుత్వం మన మీద దావా వేయాలంటే మాత్రం దానికి 30 ఏళ్లు, నాకు ఇది ఎప్పుడూ అన్యాయంగానే అనిపిస్తుంది. ఆ ఆఫీసు నుంచి డబ్బు బాకీ ఉన్నట్టు ఒప్పుకుంటూ ఏదైనా ఉత్తరం వచ్చిందా? సంతకంతో వచ్చి ఉంటే ఆ తేదీ నుంచి మళ్లీ 3 సంవత్సరాలు కొత్తగా మొదలవుతాయి. ఫోనులో చెప్పింది లెక్కకి రాదు.

రాయగడ_అబ్బాయి:
అన్నా, ఇప్పుడే పెట్టె తీశాం. ఎం.బి. జిరాక్సు మధ్యలో మడతపెట్టి ఉంది ఒక ఉత్తరం, ఫండ్స్ రాగానే మీ ఫైనల్ బిల్లు చెల్లిస్తాం అని. కింద సంతకం, గుండ్రటి స్టాంపు, తేదీ 2024 నవంబరు. నాన్నగారు ఇది పనికిరాని కాగితం అనుకున్నారట. ఆర్బిట్రేషన్ అనే మాట అగ్రిమెంటులో ఎక్కడా లేదు, రెండుసార్లు చదివాను. సోమవారం నాన్నగారిని తీసుకుని ఇక్కడి లాయరు దగ్గరికి వెళ్తున్నా, నోటీసు వేయించడానికి.