ఏఎన్‌ఏ 1:320 పాజిటివ్, బ్లాట్ ఖాళీ: రిపోర్టులో ఏం రాయాలి?

హన్మకొండలో ల్యాబ్ పని. ఏఎన్‌ఏ (సొంత కణాల కేంద్రకాన్ని పట్టుకునే యాంటీబాడీలు) పరీక్షలో ఒక సీరం హెప్-2 (మనిషి కణాలు అంటించిన) స్లైడ్‌పై 1:320 పలుచన దాకా మెరుస్తోంది. ఏ యాంటిజెన్‌పై యాంటీబాడీ ఉందో చూపే బ్లాట్ స్ట్రిప్‌లో ఆర్‌ఓ-60, ఎస్‌ఎం, ఆర్‌ఎన్‌పీ, ఎస్‌సీఎల్-70 యాంటిజెన్ల గీతలు ఏదీ రాలేదు, కంట్రోల్ గీత మాత్రం బాగానే ఉంది.

కేంద్రకంలో చుక్కలు సైజు ఒక్కలా లేవు. విభజన దశ కణాల్లో క్రోమోజోమ్ పట్టీ కూడా అవే చుక్కలతో వెలుగుతోంది. మామూలు స్పెకిల్డ్ (చుక్కల) తరహాలో ఆ పట్టీ నల్లగా ఉండాలె, హోమోజీనియస్ (అంతటా ఒకేలా మెరిసే) తరహాలో నున్నగా నిండాలె. కాబట్టి డీఎఫ్‌ఎస్-70 (దట్టమైన సన్న చుక్కల తరహా; ఇదొక్కటే ఉంటే సాధారణంగా లూపస్‌ను సూచించదు) యాంటీబాడీ అని అనుమానం. మా బ్లాట్‌లో ఆ యాంటిజెన్ లేదు.

పరీక్షలో పొరపాటు కూడా కనపడలేదు: పీబీఎస్ (స్లైడ్ కడిగే ఉప్పు ద్రావణం) డిస్టిల్డ్ నీళ్లతోనే కలిపినం (బోరు నీళ్లు కాదు!), పీహెచ్ 7.4. స్లైడ్ మధ్యలో ఆరలేదు.

వరంగల్ చుట్టుపక్కల డీఎఫ్‌ఎస్-70 విడిగా చేసే ల్యాబ్ ఉందా? అప్పటిదాకా ‘డీఎఫ్‌ఎస్ తరహా, నిర్ధారణ అవసరం’ అని రాస్తే చాలా? ఉత్త ‘పాజిటివ్’ అని రాస్తే లూపస్ (రోగనిరోధక శక్తి సొంత శరీరంపైనే దాడి చేసే జబ్బు) అనుకొని పేషెంట్ బెదిరిపోతరు.