పచ్చగడ్డా, పచ్చిగడ్డా?

వానకోయిల: అమెరికా పశ్చిమాన గ్రేట్ బేసిన్ అనే ఎండు ప్రాంతాన్ని ఆక్రమిస్తున్న చీట్‌గ్రాస్ అనే పరాయి గడ్డి మీద వ్యాసం రాస్తున్నాను. ఇద్దరికి క్షణం పడదని చెప్పడానికి, గడ్డి వేస్తే భగ్గుమంటుంది అంటాం కదా. ఆ గడ్డి పచ్చదా, పచ్చిదా? నా చెవిలో 'పచ్చి' అనే ఉంది. శీర్షికకు కావాలి.

పాతపుటలు: పచ్చగడ్డే. సందేహం అక్కర్లేదమ్మా.

అరసున్న: ఎందుకు అక్కర్లేదు మాస్టారూ? మంటకు అడ్డుపడేది తడి, రంగు కాదు. పచ్చికట్టెలు అంటాం, పచ్చకట్టెలు అనం. తడిగడ్డి కూడా అంటుకునేంత పగ అని చెప్పాలంటే ఇకారం ఉండాల్సిందే.

పాతపుటలు: 'పచ్చగా ఉండు' అని దీవిస్తే అందులో రంగొక్కటే ఉందా? జీవం, తడి అన్నీ ఉన్నాయి.

నాలుగోపాదం: పసుపుపచ్చ కూడా పచ్చే కదండీ! పండబారిన గడ్డి అనుకుంటే భగ్గుమనడం సహజమే.

అరసున్న: సహజమైతే ఇక సామెత ఎందుకు?

వానకోయిల: నాలుగోపాదం గారి మాట ఈ గడ్డికి సరిగ్గా అతుకుతుంది. ఇది శరత్కాలంలో మొలిచి, చలికాలమంతా వేళ్లు దించుకుని, మిగతా మొక్కలు లేచేలోపే నేలలో తడి తాగేస్తుంది. వేసవి మొదట్లోనే గింజ రాల్చి, ఊదారంగుకు తిరిగి, ఎండి పసుపుపచ్చ అవుతుంది. అక్కడి సొంత గడ్డి దుబ్బులుగా పెరుగుతుంది. దుబ్బుకూ దుబ్బుకూ మధ్య బోసినేల, నిప్పు అక్కడ ఆగేది. చీట్‌గ్రాస్ ఆ ఖాళీలన్నీ పూడ్చేసింది. సేజ్‌బ్రష్ పొద ఒకసారి కాలితే మోడు చిగురించదు, మళ్లీ గింజ నుంచే రావాలి, ఎదగడానికి ఏళ్లు పడుతుంది. ఆలోపే ఇంకో మంట. గడ్డి మాత్రం మరుసటి ఏడాదికే బూడిదలోంచి లేస్తుంది. సేజ్‌గ్రౌస్ పక్షి చలికాలంలో తినేది దాదాపుగా ఆ పొద ఆకులే. పొద పోతే దానికి తిండే లేదు. తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

అరసున్న: గడ్డి, మంట అనగానే నాకు పోతన గుర్తొస్తాడు. దశమస్కంధంలో ఆవులు మేత ఆశకు అడవిలో దూరం పోతాయి, కార్చిచ్చు కమ్ముకుంటుంది, కృష్ణుడు ఆ మంటను మింగేస్తాడు. ఆ ఘట్టం పైకి చదివి చూడండి, ఒళ్లు జలదరిస్తుంది.

నాలుగోపాదం: కార్చిచ్చులో 'కారు' అంటే నలుపే కదా? కారుమబ్బులాగా.

పాతపుటలు: కాదు, అడవి. కారుపోతు అంటే అడవిదున్న.

నాలుగోపాదం: దున్న ఎలాగూ నల్లదే కదండీ, అది సాక్ష్యానికి ఎలా పనికొస్తుంది?

అరసున్న: మంట ఎర్రగా ఉంటుంది, నల్లచిచ్చు ఎక్కడైనా చూశారా? అడవే.

వానకోయిల: పెద్దలూ, పచ్చకూ పచ్చికీ మధ్య ఏదో ఒకటి తేల్చండి, రేపు వ్యాసం పంపాలి.

పాతపుటలు: పచ్చ.

అరసున్న: పచ్చి.