యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) ముసాయిదాపై మా అభిప్రాయం చెల్లుతుందా?

ప్రశ్న (బరంపురం): మా అమ్మాయి చదివే డిగ్రీ కళాశాలలో ఒకే అతిథి అధ్యాపకుడు రెండు తరగతులను ఒక గదిలో కూర్చోబెట్టి గణితం చెబుతున్నారు. నియామకాల నిబంధనలపై ఇలాంటి విషయాలను మాబోటి తల్లిదండ్రులు రాసి పంపితే, ఢిల్లీలో ఎవరైనా పట్టించుకుంటారా?

జవాబు (పర్లాకిమిడి): తప్పక రాయండమ్మా. 2025 జనవరి 6న వెలువడిన అధ్యాపక, ఉపకులపతి నియామకాల ముసాయిదాకు ఫిబ్రవరి 5తో ముగియవలసిన గడువును ఆ నెల 28 వరకు పొడిగించారు. ఆ గడువు ముగిసింది కానీ, ఇకపై వచ్చే ముసాయిదాలకూ ఇలాగే రాయవచ్చు. ఆవేదన ఒక్కటే రాస్తే పక్కన పెట్టేస్తారు కనుక, క్లాజు సంఖ్య వేసి, మీరు చూసిన పరిస్థితిని చెప్పి, ఏ వాక్యాన్ని ఎలా మార్చాలో స్పష్టంగా కోరండి.

జవాబు (రాయగడ): ముసాయిదాను కనీసం 30 రోజులు ప్రజల ముందుంచాలని, వచ్చిన అభిప్రాయాల సారాంశాన్ని వెబ్‌సైటులో పెట్టాలని 2014 నాటి కేంద్ర విధానం చెబుతోంది. ఆ సారాంశాన్ని కూడా అడగండి; మన సూచనను ఎందుకు కాదన్నారో తెలియకపోతే మళ్లీ రాయడానికి ఎవరికి మనసొస్తుంది?