రాత్రయితే రెండు యాక్సెస్ పాయింట్లు డౌన్: ఏరియేటర్ల వల్లేనా?

గట్టుమీద వైఫై (మొగల్తూరు):
నమస్కారం అండి. మావి వనామీ రొయ్యల చెరువులు. మోటారు షెడ్డులో ఒక పీఓఈ స్విచ్ (నెట్ కేబులు మీదే కరెంటు కూడా ఇచ్చేది) ఉంది. దాని నుంచి గట్ల మీది స్తంభాలకు నాలుగు యాక్సెస్ పాయింట్లు (వైఫై ఇచ్చే పెట్టెలు), నాలుగు కెమెరాలు. షెడ్డు నుంచి ఇంటికి రేడియో లింకు. ఇంట్లో పాత కంప్యూటర్‌లో లిబ్రేఎన్ఎంఎస్ (నెట్‌వర్క్ పెట్టెల మీద కన్నేసి ఉంచే ప్రోగ్రాం) పెట్టాను. పొద్దుగూకి ఏరియేటర్లు (నీళ్లలోకి గాలి ఎక్కించే మోటార్లు) వేసిన దగ్గర నుంచి మూడో పాయింటు, నాలుగో పాయింటు డౌన్ అని మెసేజ్‌లు వస్తూనే ఉంటాయి. కాసేపటికి వాటంతటవే లేస్తాయి. తెల్లారాక ఒక్క మెసేజ్ కూడా ఉండదు. చెరువులో ఆక్సిజన్ రీడింగులు ఆ వైఫై మీదే ఫోనుకు వస్తాయి కాబట్టి తెల్లవారుజామున అవి ఆగితే టెన్షన్ మామూలుగా ఉండదు. మోటార్ల వల్ల ఓల్టేజీ పడిపోయి పాయింట్లు దెబ్బతిన్నాయి, కొత్తవి వేయించుకోండి అని అమ్మినాయన అంటున్నాడు. నిజమేనంటారా?

భీమవరం నెట్‌వర్క్:
ఇప్పుడే డబ్బులు తీయకండి. డౌన్ అంటే మీ ఇంటి కంప్యూటర్ అడిగితే జవాబు రాలేదని, అంతే. పాయింటు ఆరిపోయిందో, మధ్యలో దారి తెగిందో దాన్నిబట్టి తెలియదు. అది తెలియాలంటే అప్‌టైమ్, అంటే పెట్టె ఆగకుండా ఎంతసేపటిగా నడుస్తోందో చూడాలి. ఎస్ఎన్ఎంపీ (నెట్‌వర్క్ పెట్టెలను వివరాలు అడిగే పద్ధతి)లో దాని ఓఐడీ, అంటే ఆ వివరానికి ఉన్న నంబరు, 1.3.6.1.2.1.1.3.0, ఏ కంపెనీ పెట్టెలోనైనా ఇదే నంబరు. సెకనులో నూరో వంతు లెక్కన వస్తుంది.

మెసేజ్ వచ్చి పాయింటు లేచిన వెంటనే మూడు చోట్ల అప్‌టైమ్ చూడండి: ఆ పాయింటుది, స్విచ్‌ది, షెడ్డులో ఉన్న రేడియోది. మూడూ తగ్గకుండా సాగుతుంటే ఏదీ ఆగలేదు, రేడియో లింకు తెగి అతుక్కుంది. మూడూ మొదటికొస్తే షెడ్డుకే కరెంటు పోయింది. స్విచ్ సాగుతూ పాయింటు ఒక్కటే మొదటికొస్తే పోర్టు, కేబులు, కనెక్టరు, పీఓఈ, వీటిలోనే ఏదో ఉంది. మీ అమ్మినాయన మాట నిలవాలంటే స్విచ్ కూడా పడి లేవాలి కదా!

ఈ అంకె నిజానికి పెట్టెలోని ఎస్ఎన్ఎంపీ ప్రోగ్రాం ఎప్పుడు మొదలైందో చెబుతుంది. పెట్టె అసలు వయసు 1.3.6.1.2.1.25.1.1.0లో దొరుకుతుంది, కానీ అన్ని పాయింట్లూ దాన్ని ఇవ్వవు. ఇంకో సంగతి, 32 బిట్ల లెక్క కాబట్టి సుమారు 497 రోజులకు మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. మన కరెంటుకి ఆ ఇబ్బంది ఎలాగూ రాదనుకోండి.

గట్టుమీద వైఫై:
రాత్రి చూశానండి. స్విచ్, రేడియో వారాల తరబడి ఆగకుండా నడుస్తున్నాయి. మూడో పాయింటు, నాలుగో పాయింటు మాత్రం నిమిషాల్లోనే ఉన్నాయి.

అమలాపురం కాలేజీ:
అయితే కేబులే. ఉప్పుగాలికి కనెక్టర్ల పిన్నులు పచ్చబడిపోతాయి, మా వైపు ఇది రోజూ ఉండేదే. స్విచ్‌లో ఆ రెండు పోర్టుల వేగం 1.3.6.1.2.1.31.1.1.1.15లో చూడండి. 1000 (మెగాబిట్లు) రావలసిన చోట 100 అని ఉంటే కొన్ని తీగలు సరిగా తగలడం లేదు. 1.3.6.1.2.1.2.2.1.14లో ఎర్రర్లు పెరుగుతున్నాయేమో కూడా చూడండి. రాగి పూసిన అల్యూమినియం కేబులు వేసి ఉంటే మాత్రం ఇంకేమీ వెతకక్కర్లేదు, తీసేయండి. స్తంభం 100 మీటర్లు దాటితే అసలు రాగి వేసినా లాభం లేదు.

గట్టుమీద వైఫై:
రెండిటికీ 1000 ఉంది. ఎర్రర్లు సున్నా. కేబులు రాగిదే, దూరం కూడా 60 మీటర్ల లోపే.

భీమవరం నెట్‌వర్క్:
కేబులే అయితే పగలు కూడా పడాలి కదండీ. రాత్రి మాత్రమే ఎందుకు? పొద్దుగూకితే ఏరియేటర్లతో పాటు ఇంకోటి కూడా వెలుగుతుంది: కెమెరాల్లోని ఇన్‌ఫ్రారెడ్ దీపాలు. అవి వెలిగితే ఒక్కో కెమెరా మరికొన్ని వాట్లు లాగుతుంది. స్విచ్ ఇవ్వగలిగిన మొత్తం 1.3.6.1.2.1.105.1.3.1.1.2లో, ప్రస్తుతం ఇస్తున్నది అదే వరుసలో చివర 4లో ఉంటుంది. రెండు అంకెలకూ గ్రాఫు పెట్టండి. చౌక స్విచ్ అయితే ఈ వరుస ఉండకపోవచ్చు, అప్పుడు దాని వెబ్ పేజీలో చూసుకోవాలి.

ఒక్కో పోర్టు 15.4 వాట్లు ఇవ్వగలదని పెట్టె మీద రాసి ఉన్నా, ఎనిమిది పోర్టులూ ఒకేసారి అంత ఇస్తాయని అర్థం కాదు. మొత్తానికి వేరే హద్దు ఉంటుంది. కొనేటప్పుడు ఆ చిన్నక్షరాలు ఎవరూ చదవరు.

గట్టుమీద వైఫై:
ఆయ్, దొరికిందండీ! మొత్తం 65. పగలు 46 దగ్గర ఉంటోంది, చీకటి పడగానే 64కి ఎక్కి కిందికి పడుతోంది, మళ్లీ ఎక్కుతోంది. పడిన ప్రతిసారీ ఆ రెండిట్లో ఒకటి డౌన్.

భీమవరం నెట్‌వర్క్:
హద్దు దాటగానే స్విచ్ ఏదో ఒక పోర్టుకు కరెంటు ఆపుతుంది. ప్రాధాన్యం అన్నిటికీ సమానంగా ఉంటే చాలా స్విచ్‌లు పెద్ద నంబరు పోర్టునే ముందు కోస్తాయి. మీ పాయింట్లు చివరి పోర్టుల్లో ఉన్నాయనుకుంటా. ఆపగానే వాడకం తగ్గుతుంది, మళ్లీ ఇస్తుంది, మళ్లీ దాటుతుంది. ఇవాళ్టికి నాలుగు పాయింట్ల పోర్టులకూ ప్రాధాన్యం క్రిటికల్ అని పెట్టండి, పోతే కెమెరా పోతుంది. ఆనక రెండు కెమెరాలను విడి ఇంజెక్టర్ల (కేబులులోకి కరెంటు ఎక్కించే చిన్న పెట్టెలు) మీదికి మార్చండి. ఇంజెక్టరు కెమెరాకు సరిపడేదో కాదో చూసుకోండి, 24 ఓల్టుల పాతరకాలు కూడా అమ్ముతున్నారు.

అమలాపురం కాలేజీ:
కేబులు అన్నది నేనే, సరే. కానీ కమ్యూనిటీ పదం (ఎస్ఎన్ఎంపీకి పాస్‌వర్డ్ లాంటిది) ఇంకా పబ్లిక్ అనే ఉందా? ఎస్ఎన్ఎంపీ వెర్షన్ 2సీలో ఆ పదం దాపరికం లేకుండానే వైరు మీద వెళ్తుంది. పెట్టెలు ఒప్పుకుంటే వెర్షన్ 3కి మారండి. ఎస్ఎన్ఎంపీ వాడే యూడీపీ 161 పోర్టుని మాత్రం బయటి ఇంటర్నెట్‌కు తెరవకండి.

లాడ్జి పాలకొల్లు:
మధ్యలో వస్తున్నాను. ఒక్కో పాయింటు మీద ఎన్ని ఫోన్లు ఉన్నాయో ఇందులో తెలుస్తుందా?

భీమవరం నెట్‌వర్క్:
మామూలు ఇంటర్‌ఫేస్ వరుసల్లో ఉండదు, కంపెనీ సొంత మిబ్ (ఓఐడీల పట్టిక)లో వెతకాలి. 1.3.6.1.4.1 తర్వాత మైక్రోటిక్‌కు 14988, యూబిక్విటీకి 41112, రకస్‌కు 25053. లిబ్రేఎన్ఎంఎస్‌లో మీ మోడల్ ఉంటే అదే చూపిస్తుంది. ట్రాఫిక్ గ్రాఫు మాత్రం 64 బిట్ల కౌంటర్ల మీదే పెట్టండి. 32 బిట్లది గిగాబిట్ పోర్టు నిండుగా నడిస్తే 34 సెకన్లలో మళ్లీ సున్నాకొస్తుంది, అయిదు నిమిషాలకోసారి అడిగితే ఆ గ్రాఫు పూర్తిగా తప్పే. వెర్షన్ 1లో 64 బిట్లు రావు, కనీసం 2సీ ఉండాలి.