ఊరి పంట పేరుతో చేసే పండుగలో బయటి సరుకు వండొచ్చా?

పెరూజా విద్యార్థి

రెండేళ్లుగా ఇటలీలోని ఉంబ్రియాలో చదువుకుంటున్నాను. ఇక్కడ ఎండాకాలం వస్తే చాలు, కొండ మీది చిన్న చిన్న ఊళ్లు కూడా ‘సాగ్రా’ చేస్తాయి. ఊరికి పేరు తెచ్చిన పంటో వంటకమో పెట్టుకుని నాలుగైదు రాత్రులు జరిపే తిరునాళ్ల అది. ఆ మాట లాటిన్‌లో ‘పవిత్రం’ అనే మాట నుంచి వచ్చింది. మొదట్లో అది చర్చి పండుగే.

కిందటి ఆగస్టులో మసూర్ పేరుతో చేసే ఒక సాగ్రాకి వెళ్లాను. ఊరి పేరు రాయను. చీటీ కొనుక్కుని పొడుగాటి బల్ల దగ్గర తెలియనివాళ్ల మధ్య సర్దుకుని కూర్చున్నాను. మట్టి మూకుడులో పొగలు కక్కే మసూర్, పైన ఆలివ్ నూనె, పక్కన కాల్చిన రొట్టె. కడుపు నిండా తిన్నాను. చేతులు కడుక్కుందామని వెనక్కి వెళ్తే వంట గుడారం పక్కన గోతాలు పేర్చి ఉన్నాయి. వాటి మీద కెనడా అని ముద్ర! మనసు చివుక్కుమంది. ముందు బ్యానర్ మీదేమో ‘మా నేల పంట’ అని రాశారు.

నా మట్టుకు అది సాగ్రా కాదు. మీరేమంటారు?

వంటింటి కిటికీ

మీ బాధ అర్థమైంది గానీ, ‘మా నేల పంట’ అనే కొలతతోనే చూస్తే పెద్ద సాగ్రాలు కూడా నిలబడవండీ. అమత్రిచే అనే ఊరినే తీసుకోండి. ఏటా ఆగస్టు ఆఖర్లో వాళ్లు చేసేది అమత్రిచానా స్పఘెత్తీ సాగ్రా. పంది దవడ మాంసం, పెకొరీనో జున్ను, టమాటా కలిపి చేసే వంటకం. ఆ టమాటా అమెరికా ఖండం నుంచి వచ్చిందే కదా! టమాటా లేని పాత రకం ‘గ్రిచా’ ఇప్పటికీ ఉంది. అంతమాత్రాన అమత్రిచానా ఆ ఊరిది కాకుండా పోయిందా?

2016 ఆగస్టు 24 తెల్లవారుజామున భూకంపం వచ్చింది. 50వ సాగ్రా ఆ వారాంతంలోనే జరగాలి. ఆ ఒక్క ఊళ్లోనే 230 మందికి పైగా పోయారు. ఆ తర్వాత ఇటలీ అంతటా హోటళ్లు అమత్రిచానా ప్లేటుకి 2 యూరోల చొప్పున సాయం పంపాయి. ఆ ప్లేట్లలో వాడిన జున్ను ఎక్కడిదని ఎవరూ అడగలేదు. ఊరి పేరు వింటే జనానికి గుర్తొచ్చింది ఆ వంట, ఆ వండే చేతులు. సాగ్రా అంటే నాకు ఆ చేతులే. జీతం లేకుండా పది రోజులు ఉల్లిపాయలు తరిగే పెద్దమ్మలు, ప్లేట్లు మోసే బడిపిల్లలు.

త్రత్తోరియాలో పని

నేను ఇక్కడే ఒక చిన్న భోజనశాల వంటగదిలో పనిచేస్తున్నాను. చేతుల గురించి చెప్పారు కాబట్టి మా చేతుల సంగతీ వినండి. ఏడాది పొడవునా అద్దె, పన్ను, జీతాలు కట్టి నడిపే చోటు ఇది. పక్క ఊళ్లో మూడు వారాల పాటు సాగ్రా అని బోర్డు పెట్టి పిజ్జా, వేపుళ్లు, బీరు అమ్ముతుంటే మా బల్లలు ఖాళీ. అసలు సాగ్రా మీద మాకు కోపం లేదు. పేరు వాడుకునేవాళ్ల మీదే. ఈ గొడవ ముదిరే ఉంబ్రియా ప్రాంతం 2015లో సాగ్రాల కోసం విడిగా చట్టం చేసింది. దేశంలో 6 వేలకు పైగా ఉన్న ‘ప్రో లోకో’ ఊరి సంఘాల సమాఖ్య కూడా నాణ్యమైన సాగ్రాలకి ఒక ముద్ర ఇస్తోంది. తేడా ఉందని వాళ్లే ఒప్పుకున్నట్టు కాదా?

పెరూజా విద్యార్థి

కిటికీ గారూ, టమాటా మాట ఒప్పుకుంటున్నాను. వంటకం పేరుతో చేసే సాగ్రాలో ఊరిది ఆ వండే తీరు. దినుసు ఎక్కడి నుంచైనా రావచ్చు. పంట పేరుతో చేస్తే మాత్రం లెక్క వేరు.

కాస్తెల్లూచో మసూర్ సంగతే చూడండి. సముద్రమట్టానికి సుమారు 1,400 మీటర్ల ఎత్తున ఉన్న మైదానంలో పండుతుంది. 1997లోనే ఐరోపా భౌగోళిక గుర్తింపు వచ్చింది. గింజ చిన్నది, పొట్టు పల్చన, నానబెట్టక్కర్లేదు. ఒకసారి అక్కడ ఒక పెద్దాయన గుప్పెడు గింజలు నా అరచేతిలో పోశాడు. ఒకే చేనువట, అయినా ఆకుపచ్చ, గోధుమ, పసుపు, కొన్ని చారలవి, అన్నీ కలిసి ఉన్నాయి. వేలితో విడదీసి చూపిస్తూ, ‘ఏకరంగుగా ఉంటే అనుమానించు’ అన్నాడు. నేను తిన్న మూకుడులో ఉన్నవన్నీ ఒకే రంగు. గోతం చూశాకే అది తట్టింది.

ఆయన పండించిందానికీ ఆ గోతానికీ ఒకే బ్యానర్ కడితే నష్టపోయేది ఆయనే. పంట తక్కువైతే ఐదు రాత్రులు రెండు చేయండి. రెండో రాత్రికే కుండ ఖాళీ అయితే ‘అయిపోయింది’ అని బోర్డు పెట్టండి, నేను రొట్టె తిని వస్తాను.

వంటింటి కిటికీ

రెండు రాత్రుల డబ్బుతో పిల్లల ఆటస్థలానికి కంచె రాదండీ, ఆ లెక్క కూడా ఊరిదే. కానీ ఆ పెద్దాయన మాట దగ్గర నేను తగ్గుతున్నాను. బయటి సరుకు కలిపితే చీటీ అమ్మే చోటే పెద్దక్షరాలతో రాసిపెట్టాలి. అలా రాశాక కూడా జనం వరసలో నిలబడితే మీకు అభ్యంతరమా?

పెరూజా విద్యార్థి

అలా రాస్తే నేనూ ఆ వరసలో నిలబడతాను. బ్యానర్ మీది ‘మా నేల’ మాత్రం తీసేయాలి.