తలకు దెబ్బ తగిలింది, సీటీ నార్మల్ వచ్చింది. ఆదివారం కబడ్డీ ఆడనివ్వొచ్చా?

పర్లాకిమిడి నాన్న:

అందరికీ నమస్కారం. మావాడికి పదహారేళ్లు, ప్లస్ టూ మొదటి సంవత్సరం. కబడ్డీలో కుడి కార్నర్ ఆడతాడు. మొన్న ఆదివారం కాశీనగరంలో మ్యాచ్. అవతలి జట్టు రైడర్ బోనస్ కోసం కాలు చాపాడు, మావాడు మడమ పట్టుకోవడానికి తల వంచి దూకాడు. రైడర్ మోకాలు సరిగ్గా వీడి కణతకు తగిలింది. స్పృహ తప్పలేదు. లేచాడు గానీ అవతలి కోర్టు వైపు నడవబోయాడు, పక్కవాడు చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు. కోచ్ తల మీద నీళ్లు పోసి, నిమ్మకాయ నీళ్లు తాగించి, కాసేపటికే మళ్లీ దింపేశాడు.

రాత్రి వాంతి అయింది. వెంటనే శ్రీకాకుళం తీసుకెళ్లి సీటీ స్కాన్ తీయించాం. నార్మల్. "రక్తం కారలేదు, ఎముక బాగుంది, రెస్ట్ ఇవ్వండి" అన్నారు డాక్టరుగారు. ఎన్నాళ్లు అన్నది చెప్పలేదు.

ఇవాళ గురువారం. తలనొప్పి తగ్గిందంటాడు. కానీ ట్యూబ్‌లైటు ఆపమంటాడు, టీవీ సౌండు పడట్లేదంటాడు. నిన్న రాత్రి అన్నంలో పప్పు కలుపుతూ అలాగే ఆగిపోయాడు, వాళ్లమ్మ పిలిస్తే గానీ ముద్ద నోట్లో పెట్టలేదు. రేపు ట్యూషన్ ఉందా అని అడిగిందే అడుగుతున్నాడు.

ఆదివారం గుణుపురంలో సెమీస్. సెలెక్టర్లు వస్తారట. "స్కాన్ నార్మల్ కదా, ఇంకా ఏంటి భయం" అని కోచ్ రోజూ ఫోన్. వాడేమో ఆడతానని ఏడుపు. నాకు టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. ఏం చేయమంటారు?

బల్లార్షా పాత రైడర్:

అన్నా, నేను చంద్రపూర్, రాజురా వైపు చాలా ఏళ్లు ఆడాను. దెబ్బలు తగలని కబడ్డీ ఎక్కడా లేదు. స్కాన్‌లో ఏమీ లేదన్నారు కాబట్టి భయం పెట్టుకోవద్దు. సెలక్షన్ పోతే మళ్లీ ఏడాది ఆగాలి. తలకు బిగించి గుడ్డ కట్టి ఆడించండి, కార్నర్‌లో కాకుండా కవర్‌లో నిలబెట్టమనండి.

రాయగడ పీఈటీ:

నాన్నగారూ, ఆదివారం ఆడించకండి. ఆ తర్వాతి ఆదివారం కూడా వద్దు. ఎందుకో వివరంగా చెప్తాను, ఇది మీ కోచ్‌కి కూడా చదివి వినిపించండి.

మీరు రాసినదంతా కంకషన్ లక్షణాలే, అంటే దెబ్బకు మెదడు కుదుపుకు గురై కొన్నాళ్లు సరిగ్గా పనిచేయకపోవడం. అవతలి కోర్టు వైపు నడవడం, వాంతి, వెలుతురు పడకపోవడం, అడిగిందే అడగడం. కంకషన్ అయినవాళ్లలో స్పృహ తప్పేది పదిమందిలో ఒకరికన్నా తక్కువే. కాబట్టి "స్పృహ తప్పలేదు కదా" అన్న ధైర్యం పనికిరాదు.

ఇక స్కాన్ సంగతి. సీటీ చూసేది ఎముక విరిగిందా, రక్తం కారిందా అని. ఇంటి గోడ ఫోటో తీస్తే పగులు కనిపిస్తుంది, లోపలి వైర్లలో కరెంటు సరిగ్గా వస్తోందా అన్నది కనిపించదు. దెబ్బకు మెదడు పుర్రె లోపల కుదుపుకు గురైనప్పుడు నరాల కణాల్లో ఉప్పులు, కాల్షియం అటూఇటూ అవుతాయి. వాటిని సరిచేసుకోవడానికి మెదడుకు ఎక్కువ శక్తి కావాలి, సరిగ్గా అదే సమయంలో రక్తసరఫరా తగ్గుతుంది. అది కుదుటపడేలోపు ఇంకో దెబ్బ తగిలితే, మొదటిది చేసినదానికన్నా చాలా ఎక్కువ నష్టం జరగొచ్చు. అరుదుగానైనా, కుర్రవయసు ఆటగాళ్లలో మెదడు వాచిపోయి ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలున్నాయి. డాక్టరుగారు నార్మల్ అన్నది స్కాన్ గురించి. ఆడుకోవచ్చు అని ఆయన అనలేదు, మీరు రాసిందాన్ని బట్టే చెప్తున్నాను.

పైన అన్న చెప్పిన గుడ్డ వల్ల ఉపయోగం లేదు. క్రికెట్ హెల్మెట్ పుర్రె పగలకుండా కాపాడుతుంది, కంకషన్‌ని పూర్తిగా ఆపలేదు. ఆస్ట్రేలియా బ్యాటర్ స్టీవ్ స్మిత్ సంగతి చూడండి. 2019 ఆగస్టులో లార్డ్స్‌లో ఇంగ్లండ్ బౌలర్ ఆర్చర్ బంతి మెడకు తగిలి పడిపోయాడు. పరీక్షలు చేశారు, బాగానే ఉన్నాడని మళ్లీ బ్యాటింగ్‌కి పంపారు. మర్నాటికి లక్షణాలు బయటపడ్డాయి. ఐసీసీ ఆ నెలలోనే కంకషన్ సబ్‌స్టిట్యూట్ రూల్ (కంకషన్ అయినవాడి బదులు ఇంకొకరిని ఆడించడం) తెచ్చింది కాబట్టి లబుషేన్ వచ్చి బ్యాటింగ్ చేశాడు. స్మిత్ తర్వాతి టెస్టు ఆడలేదు. యాషెస్ సిరీస్‌లో, ఫామ్‌లో ఉన్న బ్యాటర్‌నే కూర్చోబెట్టారు. మన గుణుపురం సెమీస్‌కి ఒక పిల్లవాణ్ని కూర్చోబెట్టలేమా?

నాకు కోపం వచ్చేది దెబ్బ తగిలినందుకు కాదు, అది ఆటలో ఉన్నదే. నీళ్లు పోసి మళ్లీ దింపినందుకు. అనుమానం వస్తే ఆ రోజుకి ఆట అయిపోయినట్టే, ఎవరు అడిగినా సరే. కోర్టు పక్కనే అడగడానికి తేలికైన ప్రశ్నలున్నాయి: ఇప్పుడు ఎక్కడున్నాం, ఇది ఏ హాఫ్, ఆఖరి పాయింట్ ఎవరిది, పోయిన మ్యాచ్ ఎవరితో ఆడాం. మీ నాన్న పేరేంటి అని అడిగితే కంకషన్ అయినవాడు కూడా టకీమని చెప్పేస్తాడు. అన్నీ సరిగ్గా చెప్పినా, వేరే లక్షణం ఒక్కటి కనిపించినా చాలు, దింపకూడదు.

పర్లాకిమిడి నాన్న:

చాలా థాంక్స్ సార్. వాడికి చదివి వినిపించాను, అలిగి గదిలోకి వెళ్లిపోయాడు. రెండు విషయాలు. తలకు దెబ్బ తగిలితే నిద్రపోనివ్వకూడదని మా అమ్మ రాత్రంతా లేపుతూనే ఉంది. అది నిజమేనా? అసలు మళ్లీ ఎప్పుడు ఆడొచ్చు?

రాయగడ పీఈటీ:

డాక్టరు చూసి, స్కాన్ బాగుందన్నాక పడుకోనివ్వండి. నిద్ర వాడికి మందు లాంటిది. అమ్మగారి భయంలో న్యాయం ఉంది, పుర్రె కింద రక్తం చేరినవాళ్లు కాసేపు మామూలుగా ఉండి తర్వాత మత్తులోకి జారిపోతారు. 1998లో ఢాకాలో మన క్రికెటర్ రమణ్ లాంబాకి షార్ట్ లెగ్‌లో, అంటే బ్యాటర్‌కి బాగా దగ్గరగా, హెల్మెట్ లేకుండా ఫీల్డింగ్ చేస్తుంటే తలకు బంతి తగిలింది, మైదానం నుంచి నడిచే వెళ్లాడు, మూడు రోజులకు పోయాడు. అందుకని ఇవి మాత్రం గమనిస్తూ ఉండండి: తలనొప్పి పెరగడం, మళ్లీ వాంతులు, ఫిట్స్, రెండుగా కనిపించడం, మాట ముద్దగా రావడం, చెయ్యీ కాలూ బలం తగ్గడం, మెడనొప్పి, లేపినా లేవకపోవడం. వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయండి, తెల్లారేదాకా ఆగొద్దు.

ఆట గురించి. ఇప్పుడు అంతర్జాతీయంగా పాటిస్తున్న పద్ధతి 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన కంకషన్ నిపుణుల సమావేశంలో ఖరారైంది. మొదటి ఒకటి రెండు రోజులు విశ్రాంతి, ఫోన్ బాగా తగ్గించాలి. అలాగని చీకటి గదిలో వారాల తరబడి పడుకోబెట్టడం తప్పని ఇప్పుడు తేలింది. మెల్లగా నడవనివ్వండి. తర్వాత సైకిల్, తర్వాత పరుగు, ఒంటరిగా ఫుట్‌వర్క్. ఒక్కో మెట్టుకి కనీసం ఒక రోజు. లక్షణాలు బాగా పెరిగితే ఆ రోజుకి ఆపేసి, మర్నాడు మళ్లీ చూడాలి. ఒకరినొకరు తాకని ప్రాక్టీసు కూడా లక్షణాలన్నీ పూర్తిగా పోయాకే. పట్టుకునే ప్రాక్టీసు డాక్టరు సరే అన్నాకే, మ్యాచ్ అన్నిటికన్నా చివర. ఆటకన్నా ముందు చదువు కుదుటపడాలి, క్లాసులో తలనొప్పి లేకుండా కూర్చోగలగాలి.

ఈ వయసు పిల్లలకు నాలుగు వారాల వరకూ పట్టొచ్చు. మనలాంటి మామూలు క్లబ్బుల కోసం బ్రిటన్‌లో 2023లో ఇచ్చిన సూచన ఇంకా తేలిక: 21 రోజుల దాకా పోటీ మ్యాచ్ లేదు, అందులోనూ వరసగా 14 రోజులు ఏ లక్షణమూ ఉండకూడదు. నా పిల్లలకు నేను అదే పాటిస్తాను.

జయపురం అమ్మ:

అన్నయ్యా, మా అమ్మాయి ఫుట్‌బాల్ గోల్‌కీపర్. ఎదురుగా వచ్చినమ్మాయి తలా తనదీ గుద్దుకున్నాయి. ఏమీ లేదమ్మా అని నాతో అబద్ధం చెప్పేది, టీమ్‌లోంచి తీసేస్తారని భయం. లెక్కల పుస్తకం తెరిచి ఒకే పేజీ దగ్గర ఉండిపోతుంటే నాకు అర్థమైంది. "బాగున్నావా" అని అడిగితే బాగున్నాననే అంటారు. రాత్రి పడుకునే ముందు, తలనొప్పికి సున్నా నుంచి పదికి ఎంత వేస్తావో చెప్పు అని అడగండి. నోటుబుక్కులో రాసిపెట్టండి. డాక్టరుకి కూడా అది పనికొచ్చింది.

ఇంకొకటి. ఆటకి పూర్తిగా దూరం చేస్తే కుంగిపోతారు. మా కోచ్ తనని స్కోరు రాయడానికి కూర్చోబెట్టారు. మీవాణ్ని కూడా గుణుపురం తీసుకెళ్లి బెంచ్ మీద కూర్చోబెట్టండి, అరుపులూ విజిల్స్ పడతాయంటేనే.

రాయగడ పీఈటీ:

మంచి మాట చెప్పారమ్మా. నాన్నగారూ, సెలెక్టర్లకి ఇవ్వడానికి డాక్టరు దగ్గర ఒక కాగితం రాయించుకోండి, ఏ తేదీన దెబ్బ తగిలింది, ఎప్పటిదాకా ఆడకూడదు అన్నది అందులో ఉండాలి. గాయం వల్ల రాలేకపోయినవాడికి తర్వాత ట్రయల్ ఇవ్వమని అడగొచ్చు. ఆదివారం నేనూ గుణుపురంలోనే ఉంటాను, సెలెక్టర్లతో నేనే మాట్లాడతాను. కోచ్‌తో మాట్లాడాలంటే ఆయన నంబరు ఇక్కడ పెట్టకండి, నాకు మెసేజ్ చేయండి.