ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే ఫ్రేములు) బాగానే ఉంది, అయినా గేమ్ మధ్యలో స్టక్ అవుతోంది: ఎవరికైనా ఇట్ల వచ్చిందా?

ఓరుగల్లు_గేమర్
అన్నలూ, జర హెల్ప్ చేయండి. నా పీసీ రైజెన్ 5 5600, ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ, 16 జీబీ ర్యామ్ (8+8), విండోస్ 11. విండోస్, వాలరెంట్ గేమ్ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ మీద ఉన్నయి. పెద్ద గేములన్నీ కేబుల్‌తోని పెట్టే సాటా ఎస్‌ఎస్‌డీ మీద. వాలరెంట్‌ల ఏ ఇబ్బందీ లేదు. ఓపెన్ వరల్డ్ గేములు పెడితేనే బాధ. కొద్దిసేపు సాఫీగా పోతది, ఉన్నట్టుండి అర సెకను బొమ్మ ఆగి మళ్ల నడుస్తది. ఎఫ్‌పీఎస్ కౌంటర్ చూస్తే ఎప్పుడూ 60 దగ్గర్నే. డీడీయూ అనే టూల్‌తో గ్రాఫిక్స్ డ్రైవర్ తీసేసి కొత్తది ఎక్కించిన, ఫరక్ రాలే. షాపాయన గ్రాఫిక్స్ కార్డే మార్చుమంటుండు. అన్ని పైసలు పెట్టే ముందు మిమ్మల్ని అడుగుదామని.

సీమ_బిల్డర్
కార్డు జోలికి పోవద్దు తమ్ముడూ. కౌంటర్‌లో కనబడేది సగటు. 59 ఫ్రేములు ఒక్కోటి 10 మిల్లీసెకన్లలో వచ్చి, ఇంకొక్కటి 400 తీసుకుందనుకో. మొత్తం 990, అంటే సెకను లోపే 60 ఫ్రేములు. కౌంటర్ 60 అనే చెబుతుంది, నీ కంటికి మాత్రం బొమ్మ ఆగిపోతుంది. ఆఫ్టర్‌బర్నర్ సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చే రివాట్యూనర్‌లో ఫ్రేమ్‌టైమ్ (ఒక్కో ఫ్రేముకు పట్టిన సమయం) గ్రాఫ్ ఆన్ చెయ్. గీత ఎక్కడ ముల్లులా లేస్తోందో చూడు. ఇంకా రెండు సంగతులు చెప్పు: ఆగినప్పుడు సౌండ్ కూడా తెగుతోందా? అదే చోటికి మళ్ళీ వెళ్తే మళ్ళీ ఆగుతోందా?

తీరం_వైజాగ్
సౌండ్ కూడా తెగుతుంటే ముందు ఎఫ్‌టీపీఎం (ప్రాసెసర్‌లోనే ఉండే సెక్యూరిటీ భాగం) చూడండి. రైజెన్ సిస్టమ్స్‌లో కొన్నింటికి ఈ సమస్య ఉందని 2022 మార్చిలో ఏఎండీయే ప్రకటించింది. మదర్‌బోర్డు మీదున్న ఫ్లాష్ మెమరీతో ఎఫ్‌టీపీఎం పని పెట్టుకున్నప్పుడు సిస్టమ్ మొత్తం కాసేపు ఆగిపోతుంది. ఏజీసా (ఏఎండీ ఇచ్చే కోడ్) 1.2.0.7 ఉన్న బయాస్‌తో, అంటే మదర్‌బోర్డు సాఫ్ట్‌వేర్‌తో, దాన్ని సరిచేశారు. బయాస్ ఎక్కించే ముందు బిట్‌లాకర్ (డిస్క్‌కు తాళం వేసే విండోస్ ఫీచర్) సస్పెండ్ చేసి, రికవరీ కీ ఎక్కడైనా రాసిపెట్టుకోండి. యూపీఎస్ లేకుండా మాత్రం ఆ పని పెట్టుకోకండి. మధ్యలో కరెంటు పోతే బోర్డు బూట్ అవ్వకపోవచ్చు.

ఓరుగల్లు_గేమర్
బయాస్ 2023 ది అన్నా, అది అయిపోయినట్టే. సౌండ్ తెగుతలేదు, బొమ్మ ఆగినా మ్యూజిక్ నడుస్తనే ఉంటది. గ్రాఫ్ పెట్టిన, ముల్లులు మస్తు లేస్తున్నయి. ఒక చోట నిలబడితే రాదు, బండి మీద స్పీడుగా పోతుంటేనే వస్తది. అదే రోడ్డు మీద మళ్ల పోతే ఒకసారి వస్తది, ఒకసారి రాదు.

డల్లాస్_తెలుగు
నాకు వచ్చింది వేరే రకం. అన్‌రియల్ ఇంజిన్ గేమ్, డీఎక్స్12. కొత్త ఆయుధం మొదటిసారి వాడగానే ఆగేది, రెండోసారి వాడితే ఏమీ ఉండేది కాదు. అది షేడర్ కంపైల్ స్టటర్, అంటే బొమ్మ గీసే చిన్న ప్రోగ్రామ్‌ను (షేడర్) అప్పటికప్పుడు తయారుచేసేటప్పుడు గేమ్ ఆగడం. డ్రైవర్ మార్చినప్పుడల్లా, తయారైన షేడర్లను దాచుకునే షేడర్ క్యాష్ మళ్ళీ మొదటి నుంచి తయారవ్వాలి. అందుకే డీడీయూ చేసిన వెంటనే ఆడి చూసి, డ్రైవర్ మంచిదో చెడ్డదో తేల్చేయకండి. ఎన్‌వీడియా కంట్రోల్ ప్యానెల్‌లో షేడర్ క్యాష్ సైజ్ 10 జీబీకి పెంచుకున్నాక నాకు చాలా తగ్గింది. మీది మాత్రం ఇది కాదనుకుంటా. ఒకసారి వచ్చి ఒకసారి రాకపోవడం షేడర్ లక్షణం కాదు.

సీమ_బిల్డర్
స్పీడుగా పోయేటప్పుడే వస్తుందన్నావు, అక్కడే ఉంది విషయం. అప్పుడే గేమ్ డిస్క్ నుంచి కొత్త ఊళ్ళూ చెట్లూ లాగుతుంది. 12 జీబీ కార్డు కాబట్టి వీర్యామ్ (కార్డులోని మెమరీ) నిండిపోయిందని అనుకోను. సౌండ్ తెగట్లేదు కాబట్టి డీపీసీ లేటెన్సీ (డ్రైవర్ల వల్ల సిస్టమ్ ఆలస్యం కావడం) మీద కూడా నాకు పెద్దగా అనుమానం లేదు. డ్రైవ్ ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో తెరిచి, ఆ సాటా డ్రైవ్‌లో సీ7 అనే వరస చూడు. సీఆర్‌సీ ఎర్రర్ కౌంట్ అని ఉంటుంది. ఆ నంబర్ రాసుకుని కాసేపు ఆడి మళ్ళీ చూడు. పెరిగితే కేబుల్‌లో డేటా పాడవుతోంది, డ్రైవ్ మళ్ళీ మళ్ళీ పంపాల్సి వస్తోందన్నమాట. ఈలోగా ఇంకేదీ మార్చొద్దు. నాలుగు మార్పులు ఒకేసారి చేస్తే బాగైనా దేనివల్లో తెలీదు.

గుంటూరు_ఎండ
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. నాది గేమింగ్ ల్యాప్‌టాప్. పది నిమిషాలు బాగుంటుంది, తర్వాత ఎఫ్‌పీఎస్ సగానికి పడిపోయి, కాసేపటికి మళ్ళీ లేస్తుంది. అదీ కేబులేనా?

ఓరుగల్లు_గేమర్
సీమ అన్నా, నువ్వు చెప్పిందే! ఒక్క గేమ్ ఆడేసరికి సీ7 నంబర్ పెరిగింది. వెనక సైడ్ ప్యానెల్ తీసి చూస్తే సాటా కేబుల్ సరిగ్గా కనెక్టర్ దగ్గర మడతపడి ఉంది. ప్యానెల్ మూసినప్పుడల్లా దాన్నే నొక్కుతుంది, కనెక్టర్ ఒక పక్కకు వాలింది. సికింద్రాబాద్ సీటీసీ (కంప్యూటర్ మార్కెట్) నుంచి దోస్త్‌తోని ఎల్ ఆకారం కొస ఉన్న కేబుల్ తెప్పించుకుని వేసిన. అదే గేమ్, అదే రోడ్డు, గ్రాఫ్‌ల ఆ పెద్ద ముల్లులు లేవు. కానీ సీ7 నంబర్ సున్నా కాలే, పాతదే చూపిస్తుంది. డ్రైవ్ పాడైనట్టా?

సీమ_బిల్డర్
కాదు తమ్ముడూ, ఆ లెక్క ఎప్పటికీ తగ్గదు. ఇక పెరగకుండా ఉంటే చాలు. వారం తర్వాత ఇంకోసారి చూడు. ఎందుకైనా మంచిది, సేవ్ ఫైళ్ళు ఇంకోచోట కాపీ పెట్టుకో.

తీరం_వైజాగ్
గుంటూరు గారూ, మీది కేబుల్ కాదండి. పడి, లేచి, మళ్ళీ పడడం వేడి లక్షణం. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే టూల్‌లో థర్మల్ థ్రాట్లింగ్ (వేడికి వేగం తగ్గించుకోవడం) వరసలో ‘యెస్’ వస్తోందేమో చూడండి. ల్యాప్‌టాప్‌తో వచ్చిన పెద్ద అడాప్టర్ పెడుతున్నారా, టైప్-సీ చార్జర్ పెడుతున్నారా? 65 వాట్ల చార్జర్‌తో గేమింగ్ ల్యాప్‌టాప్ పూర్తి వేగంతో నడవదు, వేడి లేకపోయినా ఇలాగే పడుతుంది. గేమ్ ఆడేటప్పుడు హెచ్‌డబ్ల్యూఇన్ఫోలోనే లాగింగ్ (రీడింగులు ఫైల్‌లో రాయడం) ఆన్ చేసి ఆ ఫైల్ ఇక్కడ పెట్టండి, వేడో కరెంటో అందులో తెలిసిపోతుంది.